ఇంటి నుంచి వర్చువల్ అసిస్టెంట్ పని: ఏ క్లయింటు, ఏ దారి, ఏ వేళలు?

"గంటకు ఎంత అడగాలి?" వర్చువల్ అసిస్టెంట్‌గా ఇంటి నుంచి పని మొదలుపెట్టాలనుకునేవారు మొదట అడిగే ప్రశ్న ఇదే. నా లెక్కలో ఇది మూడో ప్రశ్న. రోజులో ఏ గంటలు నిజంగా మీ చేతిలో ఉంటాయన్నది మొదటిది. ఆ గంటల్లో మీతో పని ఉండేవారు ఏ ఊళ్లో, ఏ దేశంలో ఉన్నారన్నది రెండోది. ఈ రెండూ తేలాక రేటు ఒక కొలిక్కి వస్తుంది. ఇవి తేల్చుకోకుండా డాలర్లు చూసి దిగినవారు నిద్ర చాలక, ఇంట్లోవారికి సమాధానం చెప్పలేక మధ్యలో వదిలేయడం మామూలే.

పని గురించి రెండు మాటలు. ఇంకొకరి ఈమెయిళ్లు చూసి ముఖ్యమైనవి పైకి తీయడం, అపాయింట్‌మెంట్లు కుదర్చడం, బిల్లులు పంపి బకాయిలు గుర్తుచేయడం, టికెట్లు బుక్ చేయడం, ఎక్సెల్ షీట్లు సరిచేయడం, సోషల్ మీడియా పోస్టులు వేళకు పెట్టడం. ఆఫీసులో పి.ఎ. చేసే పనినే దూరం నుంచి, ఒకరికి బదులు నలుగురికి చేయడం అనుకోండి. "డేటా ఎంట్రీ పని ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అనేది మాత్రం ఈ పని కాదు. టెలిగ్రామ్‌లో వీడియోలకు లైకులు కొడితే డబ్బులిస్తామనేదీ కాదు. పని ఇచ్చేవారు మీకు డబ్బు ఇవ్వాలి, మీ దగ్గర తీసుకోకూడదు. ఇప్పటికే కట్టి మోసపోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును బ్యాంకులో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ముందు గడియారం

క్లయింటుకు ఉదయం 9 గంటలైనప్పుడు మనకు ఎంత అవుతుందో చూడండి:

- దుబాయ్: ఉదయం 10.30
- సింగపూర్: ఉదయం 6.30
- లండన్: వేసవిలో మధ్యాహ్నం 1.30, చలికాలంలో 2.30
- న్యూయార్క్: వేసవిలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30
- శాన్‌ఫ్రాన్సిస్కో: వేసవిలో రాత్రి 9.30, చలికాలంలో 10.30
- సిడ్నీ: తెల్లవారుజామున 4.30, అక్కడి వేసవిలో 3.30

పిల్లలను ఉదయం బడికి పంపి, మళ్లీ మూడున్నరకు తలుపు తీయాల్సిన ఇంటికి దుబాయ్ అతికినట్టు సరిపోతుంది. ఎందుకో మనవాళ్లు దాన్ని పట్టించుకోరు, చూపంతా అమెరికా మీదే. మధ్యాహ్నం నుంచి ఖాళీ దొరికేవారికి లండన్ మంచిది. సిడ్నీ కోసం నాలుగింటికి లేవడం కోడి కూతతో లేచే అలవాటున్నవారికే.

అలాగని అమెరికాను పూర్తిగా పక్కన పెట్టనక్కర్లేదు. దేశం పేరు కన్నా పని స్వభావం ముఖ్యం. ఫోన్లు ఎత్తడం, మీటింగులో కూర్చుని నోట్సు రాయడం లాంటి పనులకు వాళ్ల వేళల్లోనే మీరూ ఉండాలి. ఇన్‌బాక్స్ సర్దడం, మర్నాటి ప్రయాణానికి కాగితాలన్నీ ఒకచోట చేర్చడం, నిన్నటి అమ్మకాలను షీట్‌లో ఎక్కించడం లాంటివాటికి ఆ అవసరం లేదు. పైగా న్యూయార్క్‌లో క్లయింటు నిద్రపోయే సమయమే మనకు పగలు. మీరు సాయంత్రం నాలుగింటికి ముగించిన పని అతను లేచి ఫోన్ చూసుకునేసరికి సిద్ధంగా ఉంటుంది. కాబట్టి ఏ విదేశీ క్లయింటునైనా మొదటి మాటల్లోనే అడగండి: నేను మీతో పాటు ఆన్‌లైన్‌లో ఉండాలా, మీరు లేచేసరికి పని అయిపోయి ఉంటే చాలా? రెండో రకం పని దొరికితే అమెరికాకూ పగటిపూటే పని చేయవచ్చు.

ఒక చిక్కు ఉంది. మన గడియారం ఏడాదంతా ఒకటే, వాళ్లది కాదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుగుతుంది. బ్రిటన్‌లో ఆ మార్పు మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో. రెండు దేశాల్లోనూ క్లయింట్లు ఉన్నవారికి మార్చి మధ్యలో రెండు, మూడు వారాలు కాస్త గందరగోళంగానే గడుస్తాయి. గూగుల్ క్యాలెండర్‌లో క్లయింటు నగరాన్ని రెండో టైమ్ జోన్‌గా పెట్టుకుంటే నోటి లెక్కలతో పని ఉండదు.

ఊళ్లో క్లయింటా, విదేశీ క్లయింటా?

స్థానిక క్లయింటు అనగానే "ఎంతిస్తారులే" అని చప్పరించేస్తారు. రేటు తక్కువన్నది నిజమే. అయినా మొదటి క్లయింటు ఊళ్లోనే దొరికితే మంచిదని నేనంటాను. కారణం చార్టర్డ్ అకౌంటెంటు ఆఫీసును దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

నెలనెలా రిటర్నులు వేసే వ్యాపారులకు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు) గడువు 11వ తేదీ, జీఎస్టీఆర్-3బి (సారాంశం, పన్ను చెల్లింపు) గడువు 20. అందుకే ప్రతి నెలా 5 నుంచి 11 దాకా ఆ ఆఫీసులో ఇద్దరు ముగ్గురు ఫోన్లు పట్టుకుని "బిల్లులు పంపండి సార్" అంటూనే ఉంటారు. వ్యాపారి "రేపు పంపిస్తా" అంటాడు. 10వ తేదీ రాత్రి ఫోటోలు తీసి వాట్సాప్‌లో పడేస్తాడు, అందులో సగం మసక. ఈ తంతును ఇంటి నుంచి చక్కబెట్టవచ్చు. 1వ తేదీకే మీరు మొదటి సందేశం పంపుతారు. 4న ఎవరివి వచ్చాయి, ఎవరివి రాలేదు అని షీట్‌లో గుర్తు పెడతారు. 6న పంపే సందేశం "బిల్లులు పంపండి" అని ఉండదు, ఇలా ఉంటుంది: "నమస్తే అండి. ఆగస్టు అమ్మకాల బిల్లుల్లో 112 నుంచి 118 వరకు మాకు అందలేదు. 8వ తేదీలోపు పంపగలరా?" నంబరు కనిపించగానే మనిషి కదులుతాడు. వచ్చిన బిల్లులను వ్యాపారి పేరు, నెల వారీగా ఫోల్డర్లలో పెడితే అకౌంటెంటు నేరుగా పనిలోకి దిగవచ్చు. రెండు నెలలు ఇలా గడిచాక మిమ్మల్ని వదులుకోవడం ఆయనకే కష్టం. ఆయన దగ్గరకు వచ్చే వ్యాపారులంతా మీకు రేపటి క్లయింట్లు కూడా.

ఒంటరిగా ప్రాక్టీసు చేసే దంతవైద్యులు, సంగీతం మాస్టార్లు, చిన్న కోచింగ్ సెంటర్లు, హోమ్‌స్టేలు నడిపేవారు కూడా ఇలాంటి అవసరం ఉన్నవారే. వీళ్ల దగ్గర వాట్సాప్ బిజినెస్ చాలు. లేబుళ్లు, సిద్ధంగా పెట్టుకునే జవాబులు, ఆఫీసు మూసిన వేళ దానంతట అదే వెళ్లే సందేశం, అన్నీ ఉచితమే. డాక్టరుగారి ఫోను మీ చేతికి రానక్కర్లేదు, మీ కంప్యూటర్‌ను ఆయన ఫోనుకు లింకు చేసుకుంటే సరిపోతుంది. రోగుల వివరాలు మాత్రం ఆ తెర దాటి బయటకు రాకూడదు. ఇంట్లో అందరూ వాడే కంప్యూటర్‌లో ఈ పని పెట్టుకోవద్దు.

స్థానిక క్లయింట్లతో అసలు తలనొప్పి వసూలు. కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా పేరు నమోదు చేసుకోండి. నమోదు పూర్తిగా ఉచితం, మధ్యవర్తికి రూపాయి ఇవ్వనక్కర్లేదు. సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల కోసం 2006లో వచ్చిన ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం, నమోదైన సంస్థకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. మీరు కోర్టుకు వెళ్లాలని కాదు, బిల్లు మీద ఉద్యమ్ నంబరు కనిపిస్తే చెల్లింపు కాస్త చురుగ్గా కదులుతుంది.

విదేశాల్లోని మనవాళ్లు: మేలూ, మొహమాటమూ

ఊళ్లో క్లయింట్లకూ విదేశీ క్లయింట్లకూ మధ్య మూడో వర్గం ఒకటుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో రియల్ ఎస్టేట్ చూసుకునే తెలుగువారు, ఏప్రిల్ 15 గడువు ముందు ఊపిరి సలపని ట్యాక్స్ ఫైలింగ్ ఆఫీసులు, శని, ఆదివారాల్లో కూచిపూడి నేర్పే టీచర్లు. వీళ్ల క్లయింట్లలో తల్లిదండ్రులు, అత్తమామలు, కొత్తగా వచ్చిన కుటుంబాలు ఉంటారు. తెలుగులో మాట్లాడి పని చక్కబెట్టగలిగినవారికి ఇక్కడ పోటీ తక్కువ. మనీలాలో కూర్చున్న అసిస్టెంటు ఎంత నేర్పరి అయినా, అరంగేట్రం తేదీకి మంచి ముహూర్తం కుదరలేదని ఒక తల్లి ఎందుకు గొడవపడుతోందో ఆ అసిస్టెంటుకు అర్థం కాదు. మీకు చెప్పనక్కర్లేదు.

చిక్కల్లా మొహమాటం. "ఈ ఒక్కటీ చూసి పెట్టమ్మా, మన పిల్లవి కదా" అన్న మాటతో మొదలై, వాళ్ల ఊళ్లో ఇంటి పన్ను కట్టడం, అద్దె వసూలు, పెళ్లి కార్డుల డిజైను దాకా లెక్కలేని పనులు వచ్చి పడతాయి. బంధుత్వం ఎంత దగ్గరిదైతే పనుల జాబితా అంత స్పష్టంగా కాగితం మీద ఉండాలి. ఇంటి పన్ను కట్టడం కూడా పనే, దానికీ రేటు ఉంటుంది. ఆస్తి పనుల్లో మున్సిపల్ పన్ను, కరెంటు బిల్లు, పత్రాల నకళ్లు తెప్పించడం వరకు సరే. పవర్ ఆఫ్ అటార్నీ మీ పేరున తీసుకోవద్దు, అద్దె డబ్బు మీ ఖాతాలో వేయించుకోవద్దు.

ఇదే వర్గంలో కన్సల్టెన్సీల "బెంచ్ సేల్స్" పని కూడా ఎదురవుతుంది. ఉద్యోగం కోసం చూస్తున్న ఐటీ వాళ్ల రెజ్యూమెలను అమెరికా కంపెనీలకు పంపడం ఆ పని. నిజాయితీగా చేసే చోట తప్పేమీ లేదు, కాకపోతే రాత్రంతా మేల్కొనాలి. లేని అనుభవం రాయమన్నా, ఒకరి ఇంటర్వ్యూలో ఇంకొకరిని కూర్చోబెట్టే ఏర్పాటు చూడమన్నా ఆ రోజే బయటకు వచ్చేయండి.

పని ఎక్కడ వెతకాలి?

ఫైవర్, అప్‌వర్క్ ఫ్రీలాన్స్ పనులు దొరికే వెబ్‌సైట్లు. ఫైవర్‌లో మీ సేవను ఒక వస్తువులా అంగట్లో పెడతారు, కొనేవారు వస్తారు. కమీషన్ 20 శాతం. పని పూర్తయినా డబ్బు చేతికి రావడానికి మామూలుగా 14 రోజులు ఆగాలి. "వంద వరుసల షీట్ శుభ్రం చేసి ఇస్తాను" లాంటి చిన్న, హద్దులున్న పనికి ఇది బాగానే ఉంటుంది. నెలల తరబడి సాగే అసిస్టెంటు పనికి నాకు నచ్చదు, ప్రతి నెలా ఐదో వంతు వదులుకోవాలి.

అప్‌వర్క్‌లో క్లయింటు ప్రకటన ఇస్తే మీరు దరఖాస్తు చేస్తారు. దరఖాస్తుకు కనెక్ట్స్ అనే టోకెన్లు ఖర్చవుతాయి, వాటిని చాలావరకు డబ్బు పెట్టి కొనుక్కోవాలి. 2023లో కమీషన్‌ను 10 శాతానికి స్థిరపరిచారు. 2025 మే నుంచి కొత్త కాంట్రాక్టులకు అది సున్నా నుంచి 15 శాతం మధ్య మారుతోంది. ఎంతన్నది ఒప్పుకునే ముందే కనిపిస్తుంది. అక్కడ దొరికిన క్లయింటును రెండేళ్ల దాకా వాళ్లకు రుసుము కట్టకుండా బయటకు తీసుకురాకూడదన్న నిబంధన ఉంది. "కమీషన్ ఎందుకు, నేరుగా పంపిస్తా" అని క్లయింటు అన్నాడని తొందరపడితే ఖాతా పోతుంది, దాంతో పాటు సంపాదించుకున్న రివ్యూలూ పోతాయి.

క్లయింట్లకు అసిస్టెంట్లను సమకూర్చే ఏజెన్సీలో చేరితే క్లయింటును వెతికే బాధ ఉండదు, పని నేర్పిస్తారు, నెలాఖరుకు జీతం వస్తుంది. క్లయింటు ఇచ్చేదానికీ మీకు అందేదానికీ మధ్య తేడా మాత్రం పెద్దదే. ఎప్పుడూ ఆఫీసులో పని చేయనివారికి ఏడాది పాటు ఇది మంచి బడి. పదేళ్లు అడ్మిన్ ఉద్యోగం చేసి మానేసినవారు మళ్లీ ఈ బడిలో చేరనక్కర్లేదు.

ఇక నేరుగా వెతుక్కోవడం. మొదట్లో నెమ్మదిగా సాగినా చివరికి నిలబడేది ఇదే. నన్నడిగితే అప్‌వర్క్‌లో రెండు, మూడు చిన్న పనులు చేసి మంచి రివ్యూలు తెచ్చుకోండి, వాటిని సాక్ష్యంగా చూపి మిగతా క్లయింట్లను పరిచయాల ద్వారా, లింక్డ్‌ఇన్ ద్వారా తెచ్చుకోండి.

ప్రచారం

లోగో, వెబ్‌సైటు, ఇన్‌స్టాగ్రామ్ పేజీ అంటూ మొదటి నెల వృథా చేయకండి. ముందు ఒక పేజీ రాయండి: ఎవరికి, ఏ పని, ఏ వేళల్లో, నెలకు ఎంత. అది స్పష్టంగా ఉంటే పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో పంపినా చాలు. సొంత డొమైన్‌తో ఈమెయిల్ ఉంటే విదేశీ క్లయింట్ల దగ్గర కాస్త గౌరవం పెరుగుతుంది. వెబ్‌సైటు ముగ్గురు క్లయింట్లు కుదిరాక చూసుకోవచ్చు.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పెట్టమని అందరూ సలహా ఇస్తారు. కస్టమర్లను నేరుగా కలవని, పూర్తిగా ఆన్‌లైన్ వ్యాపారాలకు గూగుల్ నిబంధనల ప్రకారం దానికి అర్హత లేదు. మీరు ఊళ్లో క్లయింట్ల ఆఫీసులకు వెళ్లి కలుస్తుంటే పెట్టుకోవచ్చు, ఇంటి చిరునామా దాచే వీలుంది. ఇంట్లో ఒంటరిగా ఉండే ఆడవాళ్లు తప్పకుండా దాచాలి.

ఇన్‌స్టాగ్రామ్‌లో లైకులు వస్తాయి, అయితే అకౌంటెంట్లు, డాక్టర్లు అసిస్టెంటు కోసం రీల్స్ చూస్తూ కూర్చోరు. వాళ్లకు నేరుగా ఒక సందేశం పంపండి, ఇలా: "నమస్కారం సార్. ప్రతి నెలా 11లోపు క్లయింట్ల నుంచి బిల్లులు తెప్పించడానికి మీ ఆఫీసువాళ్లు పడే శ్రమ నాకు తెలుసు. ఆ గుర్తుచేసే పని, బిల్లులు సర్దే పని నేను ఇంటి నుంచి చేస్తాను. ఒక నెల పదిమంది క్లయింట్లతో చూడండి, నచ్చితే మిగతాది మాట్లాడుకుందాం." మీ చదువు, ఆసక్తులు ఇందులో అవసరం లేదు. ఆయన నొప్పి ఎక్కడుందో మీకు తెలుసన్నది కనిపిస్తే చాలు.

రేటు, డబ్బు దారి

నెలకు ఇంటికి 30,000 కావాలనుకుందాం. నెట్, కరెంటు, సాఫ్ట్‌వేర్లకు మరో 3,000. రోజుకు 5 గంటలు, 22 రోజులు అంటే 110 గంటలు. ఇందులో క్లయింట్లను వెతకడం, బిల్లులు రాయడం, ఉచితంగా మాట్లాడే ఫోన్లకు 30 గంటలు పోతాయి. 33,000ను మిగిలిన 80 గంటలతో భాగిస్తే గంటకు 412 రూపాయలు. అదే పని ఫైవర్ ద్వారా అయితే 515 పెట్టాలి. ఈ లెక్క వేసుకోకుండా "గంటకు రెండు డాలర్లు చాలు" అనేవారు 110 గంటలకూ డబ్బు వస్తుందని భ్రమపడుతున్నట్టే.

గంట లెక్క కొత్త క్లయింటుతో మొదటి నెలకు సరిపోతుంది. తర్వాత నెలకు 20 గంటలు, 40 గంటలు అని కట్టలుగా మార్చి, డబ్బు ముందుగా తీసుకోండి. వాడని గంటలు తర్వాతి నెలకు మాత్రమే వెళ్లాలి, ఏడాదంతా పోగుపడకూడదు. లేకపోతే డిసెంబరులో ఒకేసారి అరవై గంటలు మీ మీద పడతాయి.

విదేశీ డబ్బుకు పేపాల్ సులభం, కానీ ఫీజు, మారకం రేటులో తేడా కలిసి బాగానే కోత పడుతుంది. మన దేశంలోపలి చెల్లింపులను అది 2021 ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది, స్థానిక క్లయింట్లకు యూపీఐ ఉండనే ఉంది. పేయోనీర్ అమెరికా, బ్రిటన్ వంటి చోట్ల మీకు ఖాతా వివరాలు ఇస్తుంది, క్లయింటు తన దేశంలోనే డబ్బు బదిలీ చేసినట్టు పంపుతాడు. నేరుగా బ్యాంకు బదిలీ పెద్ద మొత్తాలకే మేలు. ఏ దారైనా విదేశీ డబ్బు వచ్చినట్టు రుజువు పత్రాలు దాచుకోండి. సేవల వ్యాపారానికి ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. ఎగుమతి సేవలకు సున్నా రేటే అయినా ఎల్‌యూటీ (పన్ను ముందుగా కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీ పత్రం) దాఖలు చేయాలి, లేదంటే ముందు పన్ను కట్టి తర్వాత వాపసు అడగాలి.

తెగిపోకుండా ఉండటం

ఇంటికి ఫైబర్ లైను ఏ కంపెనీదైనా ఫోనులో సిమ్ వేరే కంపెనీది ఉండాలి. కేబుల్ తెగిన రోజు రెండూ ఒకేసారి ఆగిపోకుండా ఉండేందుకు ఇదే చవకైన ఉపాయం. రూటరుకు చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెడితే కరెంటు పోయినా మీటింగు ఆగదు. ఇంట్లో ఇన్వర్టరు ఉన్నా రూటరు దాని లైన్లో ఉందో లేదో చూసుకోండి, చాలా ఇళ్లలో ఉండదు.

క్లయింటు ఖాతాల్లోకి వెళ్లడానికి పాస్‌వర్డు అడగవద్దు. జీమెయిల్‌లో క్లయింటే మిమ్మల్ని ప్రతినిధిగా చేర్చవచ్చు. అప్పుడు మీరు ఆయన మెయిళ్లు చదవగలరు, జవాబులు పంపగలరు, పాస్‌వర్డు మార్చలేరు. మిగతావాటికి పాస్‌వర్డులను భద్రంగా దాచి పంచుకునే బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డు మేనేజరు వాడండి. ఫోనులో ఓటీపీ చెప్పించుకునే అలవాటు మొదటి రోజే వద్దనండి. నెట్ బ్యాంకింగ్ లాగిన్ ఇస్తానన్నా తీసుకోవద్దు.

వారానికి ఒకసారి, శుక్రవారం సాయంత్రం, క్లయింటుకు ఐదు వాక్యాల మెయిల్ పంపండి: అయినవి, ఆగినవి, మీ జవాబు కోసం ఉన్నవి. గంటగంటకూ "హాయ్ సర్, అప్‌డేట్" అని పంపడం కన్నా ఇది ఎక్కువ నమ్మకం తెస్తుంది. అత్యవసరం అంటే ఏమిటో ముందే తేల్చుకుని, దానికి మాత్రమే ఫోన్ నంబరు ఇవ్వండి.

ఈ పనిలో మరో ఇబ్బంది ఒంటరితనం. పక్కన ఎవరూ లేకపోవడంతో సందేహం వస్తే అడిగే మనిషి ఉండదు, జ్వరం వస్తే పని చేసే మనిషీ ఉండదు. వేలమంది ఉన్న గ్రూపుల కన్నా ఇదే పని చేసే ఇద్దరు ముగ్గురితో పొత్తు మేలు. ఒకరి వేళలు పగలు, మరొకరివి సాయంత్రం అయితే ఇంకా మంచిది. శ్రావణంలో పెళ్లికి నాలుగు రోజులు వెళ్లాలంటే ఒకరి క్లయింటును మరొకరు చూసుకుంటారు. ఆ నాలుగు రోజుల డబ్బు ఎవరిది, తర్వాత ఆ క్లయింటు నేరుగా పని ఇస్తానంటే ఏం చెప్పాలి అన్నవి వెళ్లే ముందే వాట్సాప్‌లో రాసుకోండి. క్లయింటుకు కూడా పేరుతో సహా ముందే చెప్పండి, తన ఇన్‌బాక్స్‌లో కొత్త మనిషిని చూసి ఎవరూ ఉలిక్కిపడకూడదు.